ఆరు జాతర్ల తూకం

ముత్తంగి,
ఆదివారం పొద్దున.

అంకిత వాళ్ళ నాయనకు సునంద రాయునది.

ఇక్కడ అందరం క్షేమం, అక్కడ నువ్వు క్షేమమని తలుస్తున్నం అని మొదలుపెట్టాలె. బడిల సారు గట్లనే నేర్పిండు. సరే, రాస్తున్న. అంకిత క్షేమం, తొమ్మిదో తరగతిల పడ్డది. నేను క్షేమమే, కాళ్ళు చేతులు ఆడుతున్నయి. మీ అమ్మ నలభై అయిదు కిలోల క్షేమం. ఆ ముచ్చట నాకంటే ముందే మీ అక్క ఫొటో తీసి పంపింది గద, కొత్తగ నేను చెప్పేదేమున్నది.

నీ ఉత్తరం సునీల్‌కుమార్ మంగళారం తెచ్చిచ్చిండు. లారీ జంక్షన్ కాడ ఆపి, ఎండల నడుసుకుంట వచ్చిండు పాపం. చాయ్ తాగి పో అంటే గడపలనే నిలబడి, "వద్దు వదినా, అన్న మస్తు గరం మీదున్నడు, జెర మంచిగ జవాబు రాయి" అన్నడు. గుజరాత్ నుంచి రెండు దినాలు లారీల వచ్చినా నీ కోపం చల్లారలే. నేను సరేనన్న. మంచిగ రాయనీకె నాలుగు దినాలు చూసిన, చేతకాలే. ఎట్ల వస్తే అట్ల రాస్తున్న.

ఫోన్ ఎందుకు ఎత్తుతలేవని మొదటి లైన్లనే అడిగినవ్. ఎత్తితే ఏమైతదో చూసేది నేను, నువ్వు కాదు. స్పీకర్ పెట్టకున్నా నీ గొంతు మీ అమ్మకు ఇనబడ్తది. అన్నీ పోయినయి గని ఆమెకు చెవులు మాత్రం మంచిగ పని చేస్తయి. "బాలరాజు వచ్చిండు" అని చెప్పులు లేకుంట రోడ్డు మీదికి పోతది. పోయిన నెల నువ్వు ఫోన్ చేసిన దినం సర్వీస్ రోడ్డు మీద కంటైనర్ల నడుమ దొరికింది. ఇగ ఫోన్ల నువ్వు అరుస్తవ్, నేను ఏడుస్త, ముచ్చట సగంలనే కట్ అయితది. అందుకే కాయితం. ఇది సగంల కట్ కాదు. చింపేదుంటె చింపు, గని ఆఖరు దాకా సదివి చింపు.

నీ అసలు మాటకొస్త. నువ్వు రాసింది మళ్ళ నీకే రాస్తున్న, యాదికుండాలె గద. "జాతరకు తూచినప్పుడు అమ్మ యాభై ఆరు. నేనే చూసిన, నేనే రాసిన. ఇప్పుడు నలభై అయిదు. ఐదు నెలలు గూడ కాలే. పదకొండు కిలోలు యాడికి పోయినయ్ సునందా? అమ్మకు బువ్వ పెడుతున్నవా లేదా? నిజం రాయి. వచ్చేది కాక ఆ పై ఆదివారం అక్క వచ్చి అమ్మను సంగారెడ్డికి తీస్కపోతది. మన ముచ్చట తర్వాత మాట్లాడుకుందాం."

మన ముచ్చట అంటే ఏందో నాకర్థమైంది. పదహారేండ్ల సంసారాన్ని ఆఖరు లైన్ల పడేసినవ్. శభాష్.

బువ్వ పెడుతున్ననా? విను. మీ అమ్మకు ఆకలంటే ఏందో యాదికి లేదు. ముద్ద నోట్ల పెడితే నమలాల్నని యాదికుండది, బుగ్గల పెట్టుకొని కూసుంటది. పళ్ళెం ముందట పెడితే చేతులు ఒళ్ళె పెట్టుకొని, "ముందుగాల కూలోళ్ళు తినాలె" అంటది. నాట్లప్పుడు ముప్పై మందికి వండి, ఆళ్ళు తిన్నంకనే తిన్న మనిషి గద. నీ పేరు మర్చిపోయిన దినం గూడ అది మర్చిపోలే. మొదట్ల బతిమిలాడిన. తర్వాత కోపం చేసిన. ఒక దినం పళ్ళెం ఎత్తి నేలకేసి కొట్టిన. నిజం రాయమన్నవు గద, అది గూడ రాస్తున్న.

తర్వాత అంకితకు తెలివి తట్టింది. "మమ్మీ, మనమే కూలోళ్ళమైతే?" అన్నది. అప్పటిసంది మూడు పూటలా నేను, పొద్దున రాత్రి నీ బిడ్డ గూడ, నెత్తికి తువ్వాలలు కట్టుకొని ఆమె ముందట వరుసగ కూసుంటం. నాలుగు ముద్దలు తిని, "తిన్నం పటేలమ్మా, ఇగ నువ్వు తిను" అంటం. "కడుపు నిండ తిన్నరా? ఇంకింత ఏస్కోండ్రి, సిగ్గుపడకుండ్రి" అనుకుంట ఆమె పళ్ళెంలది తీసి మా పళ్ళాలల్ల ఏస్తది. మళ్ళ మేం తింటం. మళ్ళ ఆమెకు పెడ్తం. ఒక్కొక్క పూట గంటంబావు పడ్తది. అంకితకు బడి టైమైతున్నదని నేను మొత్తుకుంట. ఇంత చేస్తే లావైతున్నది మేమిద్దరం, ఆమెకు ఎముకలు తేలుతున్నయి. నా జాకెట్లు కుట్లు ఇప్పుకొని తొడుక్కుంటున్న, కావాల్నంటే మీ అక్కను అడుగు, ఆమె కండ్లకు అన్నీ కనబడ్తయి.

మీ అక్క వచ్చిన దినం ఏమైందో ఆమె చెప్పింది ఒకటి, నేను చెప్పేది ఒకటి. నాగవల్లి వదిన నిహారికను తోలుకొని వచ్చింది, పెండ్లి మాటలు నడుస్తున్నయని మిఠాయి డబ్బ తెచ్చింది. అత్తమ్మ జబ్బ పట్టుకొని చూసింది, మిఠాయి డబ్బ అట్లనే పెట్టింది. నాతోని ఒక్క మాట గూడ అనకుంట ఆటో పిలిచి పటాన్‌చెరు తీస్కపోయింది, నేను గూడ ఎక్కిన. యాడికనుకున్నవ్? నరసరాజు కిరాణ దుకాణానికి. జాతర బెల్లం తూచిన కాంట మీదనే తూచింది. నలభై అయిదు. దుకాణంల పది మంది ముందట, "నా తల్లిని కడుపు మాడ్చి సంపుతున్నది" అన్నది. నరసరాజు తల పక్కకు తిప్పుకున్నడు. నిహారిక ఒక్కతే, "అమ్మా, ఇంటికి పోయి మాట్లాడుకుందాం" అన్నది. పిల్లకున్న ఇంగితం తల్లికి లేదు.

అట్ల కాంట మీదినుంచి సీదా దవాఖానకు పోయినం, ఇద్దరం ఒక్క ఆటోల, నడుమ మీ అమ్మ. డాక్టరమ్మ చిన్న వయసుదే, గని ఓపిక మస్తున్నది. అత్తమ్మకు మూడు మాటలు చెప్పి మళ్ళ చెప్పమన్నది. కాయితమిచ్చి గడియారం గియ్యమన్నది. అత్తమ్మ గుండ్రంగ గీసింది, లోపల అంకెలకు బదులు చుక్కలు పెట్టి ముగ్గేసింది. మంచిగనే ఉండె ముగ్గు. డాక్టరమ్మ మెల్లగ అడిగింది: "మీ ఇంట్ల గిట్ల మతి తప్పినోళ్ళు ఎవరన్న ఉన్నరా? ఈమె తల్లి, తండ్రి, తోడబుట్టినోళ్ళు?"

మీ అక్క చటుక్కున, "లేరు మేడం, మా వంశంల గట్లాంటియి లేవు" అన్నది. ఆ తొందర నిహారిక పెండ్లి కోసమని నాకు తెలుసు, డాక్టరమ్మకు తెల్వదు. అప్పుడు మీ అమ్మ, ఆ దినమంతా నోరు తెరవని మనిషి, ముగ్గు మీదికెల్లి తల ఎత్తకుంటనే అన్నది: "మా నాయన పెద్దరాములు నన్ను అక్కా అంటుండె. అన్నం తిన్నంక తినలే అంటుండె. ఊరు దాటి పోతడని మంచం కోడుకు తాడేసి కట్టిన్రు. సూడనీకె మంచిగుండకపోతుండె." అన్ని మర్చిపోయిన మనిషే ఉన్నదున్నట్టు చెప్పింది. మతి మంచిగున్నోళ్ళేమో అబద్ధమాడిన్రు.

నాకు ఎంత మండిందో తెలుసా? పెండ్లి చూపులప్పుడు మా నాయన మీ ఇంటి ముచ్చట పది మందిని అడిగిండు. పొలమెంత, బోర్లెన్ని, ఎవరికన్న షుగరున్నదా అని గూడ అడిగిండు. మీ తాత పెద్దరాములును తాడేసి కట్టిన ముచ్చట ఎవ్వరు చెప్పలే. గాలి సోకింది, దేవుడొచ్చిండు అని ఊర్ల చెప్పుకున్నరట. నీకు తెలుసు గద? తెల్వదని రాయకు. నా కడుపున పుట్టిన అంకితల పారేది గూడ ఆ రక్తమే. చెప్పినా నేను నిన్నే చేసుకుంటుంటినేమో. గని చెప్పాల్సి ఉండె.

నువ్వు ఉత్తరం కింద చిన్న అక్షరాలల్ల అడిగినవ్, "ఇది నాకు గూడ వస్తదా? టెస్టు ఉన్నదంట, చేయించుకోవాల్నా?" అని. అంత కోపంల గూడ ఆ భయం దాచుకోలేకపోయినవ్. ఆ లైన్ కాడనే నాకు నీ మీద జెర జాలి కలిగింది, మొత్తం ఉత్తరంల అదొక్కకాడనే. డాక్టరమ్మ చెప్పింది చెప్పినట్టు రాస్తున్న. ఒక రకం జీన్ ఉంటదట. తల్లి దిక్కునుంచో తండ్రి దిక్కునుంచో ఒకటి వస్తె ముప్పు కొంత పెరుగుతదట, రెండు దిక్కుల నుంచి వస్తె ఇంకింత పెరుగుతదట. అది ఉన్నోళ్ళందరికి రోగం రాదు, లేనోళ్ళకు రాదనీ లేదు. టెస్టు చేసినా వస్తదనో రాదనో తేల్చి చెప్పలేరట, మందు గూడ మారదట. చేయించుకునేదుంటె ముందు డాక్టర్‌తోని కూసొని మాట్లాడి చేయించుకోవాలె అన్నది. మీ అక్క అయితే టెస్టు అన్న మాటకే కుర్చీల నుంచి లేచింది. "నా బిడ్డ పెండ్లి చెడగొడదామనా?" అని నా మీద పడ్డది. నేనెవరికీ చెప్ప, ఆమెను రందిపడొద్దని చెప్పు. గని నిహారికకు మీరే చెప్పుండ్రి. నాకు చేసినట్టు ఆ పిల్లకు చెయ్యకుండ్రి.

ఇగ బరువు ముచ్చట. ఎప్పటిసంది తగ్గుతున్నది, పాత చీటీలేమన్న ఉన్నయా అని డాక్టరమ్మ అడిగింది. మన తాన దవాఖాన చీటీలు యాడివి? మర్నాడు బడి నుంచి వచ్చినంక అంకిత అన్నది, "నానమ్మ బీరువా తలుపు మీద ఉన్నయి గద మమ్మీ." మీ అమ్మ చెక్క బీరువా తలుపు తెరిస్తె లోపలి దిక్కు పెన్సిల్‌తోని నీ రాత. నువ్వు ఫ్యాక్టరీల కాలిరగ్గొట్టుకొని పడుకున్నప్పుడు, కొడుకు లేచి నడిస్తే బతికినన్ని జాతర్లకు నా ఎత్తు బంగారం ఇస్త తల్లీ అని సమ్మక్కకు మొక్కింది గద. బంగారమంటే బెల్లమే, గని మనిషంత తూకం బెల్లం. రెండేండ్లకొకటి లెక్కన ఆరు జాతర్లు. నువ్వే తూపించినవ్, నువ్వే రాసినవ్. మొదటి జాతరకు ఎనభై మూడు. రెండో దానికి ఎనభై రెండు. కరోనా రాకముందు జాతరకు డెబ్బై అయిదు. మామ పోయిన తర్వాతి జాతరకు అరవై ఆరు. దాని పక్కన ఏం రాసినవో యాదికున్నదా? "శభాష్ అమ్మా" అని రాసి టిక్కు గొట్టినవ్.

ఆ జాతర నాకు మంచిగ యాదికున్నది. ఎప్పటి లెక్క ప్రకారం బెల్లం ముందుగాలనే కొన్నం, తూస్తే మస్తు మిగిలింది. "అవ్వ హీరోయిన్ అయితున్నది" అని నరసరాజు నవ్విండు. అందరం నవ్వినం. షుగరుకు మంచిదన్నవ్, మోకాళ్ళకు మంచిదన్నవ్, మీ అక్క అయితే నాకు గూడ ఆ చిట్కా చెప్పమ్మా అన్నది. మిగిలిన బెల్లంతోని పరమాన్నం వండింది నేనే. రెండు దినాలు తిన్నం. మీ అమ్మ ఒంట్లకెల్లి పోయినదాన్ని పరమాన్నం చేసుకొని తిన్నం.

తలుపు ఫొటో చూసి డాక్టరమ్మ కాయితం మీద గీత గీసింది, కిందికి దిగుకుంట పోయింది గీత. ఆమె చెప్పింది నువ్వు రెండుసార్లు సదువు. నడీడుల, నలభై యాభై ఏండ్లప్పుడు ఒళ్ళు బాగ పెరిగి, షుగరు బీపీ ఉంటే ముందు ముందు మతి పోయే ముప్పు పెరుగుతదట. అప్పుడు మీ అమ్మ ఎనభై మూడు, మనిషేమో పొట్టిది. ముసలితనంల కారణం లేకుంట బరువు తగ్గుడు ఇంకో కథ. రోగం బయటపడక చాన ఏండ్ల ముందుగాలనే తగ్గుడు మొదలైతదట కొందరికి. వాసన తెల్వది, ఆకలి తెల్వది, తిన్నది తిననిది తెల్వది. తిండి లేక రోగం రాలే, రోగమే ఆమె తిండిని తిన్నది. మీ అమ్మ నా ఇంటికి వచ్చింది అరవై ఆరు జాతర అయినంక, ఉగాదికి. అప్పటికే పదిహేడు కిలోలు పోయినయి. అప్పుడు ఆమెకు నేను బువ్వ పెడతలే, ఆమె వండింది ఆమెనే తింటుండె. అది ఏ కోడలు మీద రాస్తవ్?

ఐదో జాతరకు యాభై ఎనిమిది. ఆరోది, మొన్నటిది, యాభై ఆరు. డాక్టరమ్మ ఆ అంకె మీద పెన్ను పెట్టి ఆగింది. "ఇన్నేండ్లు ఒక తీరుగ దిగింది. రెండేండ్ల సంది రెండు కిలోలే తగ్గింది. మళ్ళ ఐదు నెలల్ల పదకొండు కిలోలు. ఇది కలుస్తలేదు. నడుమ ఇంకేదో అయి ఉండాలె" అన్నది. మీ అక్క నా మొఖం దిక్కు చూసింది. నేను నేల దిక్కు చూసిన. కాన్సరో, టీబీనో, కడుపుల పుండో చూడాలె అని పరీక్షలు రాసింది.

పన్నెండు దినాలు. రక్తం తీసినచోటనే మళ్ళ తీసిన్రు, నరం దొరకక రెండు చేతులు నల్లగైనయి. గొంతుల గొట్టమేసి కెమెరా పంపిన్రు. పీకేసుకుంటదని చేతులు మంచానికి కట్టిన్రు. కట్టేసినప్పుడు మీ అమ్మ నా దిక్కు చూసి, "నేనేం దొంగతనం చేసిన బిడ్డా?" అన్నది. ఏ పరీక్షల ఏం లేదు. ఏం లేదని నాకు ముందుగాలనే తెలుసు.

ఎట్ల తెలుసంటవా? నాలుగు పేజీల సంది తిప్పుకుంట వచ్చింది ఈ మాట కాడికే. ఇగ రాస్తున్న.

జాతరకు ముందు దినం, నరసరాజు దుకాణం. చలికాలం, మీ అమ్మకు స్వెటర్, దాని మీద శాలువ. నువ్వు మూడు దినాల లీవుల వచ్చినవ్, ముందట నిలబడి ఫోన్ల వీడియో తీస్తున్నవ్. మీ అక్క కొబ్బరికాయ పట్టుకొని నీ పక్కన. కాంట మీద ఎక్కనీకె అత్తమ్మ భయపడ్డది. "ఎనుకకెల్లి పట్టుకో" అని నువ్వే అన్నవ్. చంకల కింద చేతులేసి పట్టుకున్న. నువ్వు బెల్లానికి బొట్టు పెట్టమని నరసరాజుకు చెప్తున్నప్పుడు అంకె ముందుగాల నేనే చూసిన. నలభై ఏడు.

యాభై ఎనిమిది ఉన్న మనిషి నలభై ఏడు. నా చేతుల్ల. రెండేండ్లు నేను పెట్టిన బువ్వ తిని. మీ అక్క ఏమంటదో, నువ్వేమంటవో, ఊర్ల ఏమనుకుంటరో అన్నీ ఒక్కపారి కండ్ల ముందట తిరిగినయి. నా కుడికాలు చీరె కుచ్చిళ్ళ చాటున కాంట మీదికి పోయింది. పోయింది కాదు, నేనే పెట్టిన. జెర ఒత్తిన. యాభై ఒకటి. ఇంకింత ఒత్తిన. యాభై ఆరు కాడ ఆపిన. "అగో, యాభై ఆరు!" అన్నవ్ నువ్వు. "రెండు కిలోలే గద తగ్గింది. మంచిగనే చూసుకుంటున్నవ్ సునందా" అని నా దిక్కు చూసి నవ్వినవ్. ఎన్ని నెలలకు నవ్వినవో. ఆ నవ్వు చూసినంక కాలు తీసే ధైర్యం నాకు రాలే.

సమ్మక్క తల్లికి ఇచ్చిన బంగారంల తొమ్మిది కిలోలు నా కాలు బరువు. తల్లి ఏం చేస్తదో చేసుకోనీ. గని దొంగతనం నాది, చేతులు కట్టింది మీ అమ్మకు. ఆ గొట్టం నా నోరు మూసుకున్నందుకు ఆమె గొంతుల పడ్డది. పన్నెండు దినాలు పక్కన కూసొని చూసిన, చెప్పలే. పదమూడో దినం మీ అక్క చాయ్ తాగనీకె బయటికి పోయినప్పుడు డాక్టరమ్మకు చెప్పిన. ఆమె పెన్ను కింద పెట్టింది. "ఇది ముందే చెప్తే ఈ పరీక్షలల్ల సగం అక్కర లేకుండె అమ్మా" అన్నది. యాభై ఆరు కొట్టేసి నలభై ఏడు రాసింది, గీత సీదా అయింది. "ఇంటోళ్ళకు గూడ చెప్పు" అన్నది. మీ అక్కకు చెప్పలే. ముందు నీకు చెప్తున్న.

పదకొండు కిలోలు యాడికి పోయినయని అడిగినవ్ గద. తొమ్మిది కిలోలు లేనే లేవు. రెండు పోయినయి. గంతే జవాబు.

నువ్వు నమ్మవు. నాకు తెలుసు. దొరికిపోయినంక కథ అల్లింది అంటవ్, మీ అక్క అయితే ఊరంత చెప్తది. నీ ఫోన్ల ఆ వీడియో ఉంటది, తీసి చూడు. అత్తమ్మ మొఖం, నా మొఖం, ఎర్ర అంకెలు కనబడ్తయి. కాళ్ళు కనబడవు. నేను అబద్ధమాడినప్పుడు అందరు నమ్మిన్రు, నవ్విన్రు. నిజం చెప్పే దినం వచ్చేసరికి చూపనీకె ఏం లేదు నా తాన.

అత్తమ్మను తీస్కపోతే తీస్కపోండ్రి, నేను అడ్డం పడ. నిజం చెప్తున్న, ఒకోపారి తీస్కపోతే బాగుండు అని గూడ అనుకున్న, ఒక్క రాత్రి నిండ పడుకుంట గద అని. గని కడుపు మాడ్చిన కోడలింటికెల్లి తీస్కపోతున్నం అన్న పేరుతోని తీస్కపోవద్దు. ఇంకోటి. సంగారెడ్డిల కూలోళ్ళు ఎవరైతరు? మీ అక్క నెత్తికి తువ్వాల కట్టుకొని నేల మీద కూసుంటదా, మూడు పూటలా? "తిన్నం పటేలమ్మా" అని తల్లికి చెప్తదా? చెప్పకుంటే ఆ ముసలామె ముద్ద ముట్టది. అది ముందుగాల అడుగు మీ అక్కను.

ఆ ఆదివారానికే నువ్వు గూడ రా. లీవు ఇయ్యరని చెప్పకు, జాతరకిచ్చిన్రు గద. వచ్చి మీ అమ్మను నరసరాజు దుకాణానికి తోలుకరా. ముందు నువ్వొక్కనివే కాంట మీద నిలబడు. మొన్న జాతరకు నీకు ప్యాంటు బొత్తం పట్టలే, చొక్కా కింద దాచుకున్నవ్, నేను చూసిన. నలభై నాలుగేండ్లు నీకు. మీ తాతది, మీ అమ్మది నీల ఏమొచ్చిందో మన చేతిల లేదు, పొట్ట మన చేతిల ఉన్నదని డాక్టరమ్మ అన్నది. తర్వాత మీ అమ్మను చేతుల్ల ఎత్తుకొని నిలబడు. ఎత్తుకుంటే తెలుస్తది నీకు, కాంట అక్కరనే లేదు. నీ బరువు తీసేస్తే ఆమెది ఎంతో వస్తది. ఆ రెండు అంకెలు బీరువా తలుపు మీద నీ చేతులతోనే రాయి, అమ్మదొకటి, నీదొకటి. యాభై ఆరు మీద గీత గొట్టు. ఈపారి ఎవరికీ శభాష్ రాయకు.

నేను దుకాణం మెట్ల కింద నిలబడ్త. చీరె కుచ్చిళ్ళు ఎత్తి పట్టుకుంట, రెండు కాళ్ళు నీకు కనబడేటట్టు.

ఇట్లు,
మీ అమ్మకు కూలిమనిషి,
అంకితకు తల్లి,
నీకు ఏమైతనో నువ్వే వచ్చి చెప్పాలె,
సునంద.